పెద్దపొట్టలోని బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచటం: ఉద్దానంలో ఎదురైన ఒక ప్రశ్న

కాశీబుగ్గ నుంచి సముద్రం వైపు సాగితే జీడి, కొబ్బరి, పనస తోటల నడుమ ఉద్దానం గ్రామాలు ఎదురవుతాయి. తోటలు ఎంత పచ్చగా ఉన్నా అక్కడి పశువుకు ఏడాదిలో అధికభాగం దొరికే మేత వరిగడ్డే. కొన్నేళ్ల క్రితం ఆ ప్రాంతంలో పశుగ్రాసాలపై జరిగిన ఒక రైతు సమావేశం ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు దగ్గరకు వచ్చి, కొంగుముడి విప్పి ఒక పొట్లాన్ని నా చేతిలో పెట్టింది. "బాబూ, పశువు పొట్టల ఉండే సూక్ష్మజీవులు ఇందల ఉన్నాయంటన్నారు. అవి బతికే ఉన్నాయేటి?" అని అడిగింది. పొట్లం మీది అక్షరాలు పూర్తిగా చదవకుండానే "ఉంటాయమ్మా" అన్నాను. ఆ మాటను నమ్మి ఆమె తెలగపిండి కొనటం మాని, ఆ డబ్బుతో మరికొన్ని పొట్లాలు కొన్నది. రెండు నెలల తరువాత అదే ఊరు వెళ్లినప్పుడు ఆవు పాలు తగ్గాయని చెప్పింది. ఆవు డొక్కలు నాకే కనిపించాయి.

నేను పశువైద్యుడను కాను, సస్యశాస్త్రం బోధించేవాడిని. అయితే పశుగ్రాసాల నాణ్యతను అంచనా వేయటానికి మేమూ పశువు పొట్టలోని ద్రవాన్ని ప్రయోగశాలకు తెచ్చుకుంటాము. 1963లో టిల్లీ, టెర్రీ రూపొందించిన జీర్ణశక్తి పరీక్షకు, 1979లో మెంకే బృందం వివరించిన వాయు ఉత్పత్తి పరీక్షకు ఆ ద్రవమే ఆధారం. ఆ పరిచయం ఉండి కూడా తొందరపడి సమాధానం చెప్పటం నా తప్పు. ఆమె అడిగిన ప్రశ్న చిన్నదే. దానికి సరిగా జవాబు చెప్పాలంటే మాత్రం ఆ బాక్టీరియాను పెంచటం ఎందుకు అంత కష్టమో తెలిసి ఉండాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను తరచు ఎదుర్కొంటారు కనుక ఆ సంగతిని కొంత వివరంగా రాస్తున్నాను.

పొట్ట లోపలి వాతావరణం

రైజోబియంను పెంచటం మన విద్యార్థులకు సుపరిచితం. ఈస్ట్ సారం, మానిటాల్ కలిపిన అగార్ పలకపై వేర్ల బుడిపె రసాన్ని పూసి, 28 డిగ్రీల వద్ద ఉంచితే నాలుగైదు రోజులలో తెల్లని, జిగురైన సమూహాలు కనిపిస్తాయి. గాలి తగలటం వాటికి మేలే. రూమెన్ అని శాస్త్రవేత్తలు పిలిచే పెద్దపొట్ట ఇందుకు పూర్తిగా విరుద్ధమైన లోకం. అక్కడి ఉష్ణోగ్రత దాదాపు 39 డిగ్రీల సెంటీగ్రేడు, పీహెచ్ 6 నుంచి 7 వరకు. ద్రవంపై నిలిచే వాయువులో కార్బన్ డయాక్సైడ్ మూడింట రెండు వంతుల దాకా, మీథేన్ నాలుగో వంతుకు కొంచెం పైగా ఉంటాయి. ఆక్సిజన్ ఒక శాతం కూడా ఉండదు. మేతతోనూ నీటితోనూ లోపలికి చేరిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను కొన్ని సూక్ష్మజీవులు వెంటనే వాడివేస్తాయి. అందువలన అక్కడి రెడాక్స్ పొటెన్షియల్ మైనస్ 250 నుంచి మైనస్ 350 మిల్లీవోల్టుల ప్రాంతంలో నిలుస్తుంది.

అటువంటి ద్రవం ఒక్క మిల్లీలీటరులో 1000 కోట్లు, ఆపైన బాక్టీరియా ఉంటాయి. వాటితోపాటు ప్రోటోజోవాలు, ఆర్కియాలు, అవాయు శిలీంధ్రాలు కలిసి జీవిస్తాయి. గడ్డిలోని సెల్యులోజ్‌ను ఆవు తనంతట తాను జీర్ణం చేసుకోలేదు. ఈ సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మార్చగా, వాటి నుంచే పశువు తన శక్తిలో సుమారు 70 శాతం పొందుతుంది. వీటిలో ముఖ్యమైన పీచు బాక్టీరియా ఫైబ్రోబాక్టర్ సక్సినోజీనస్, రూమినోకాకస్ ఆల్బస్, రూమినోకాకస్ ఫ్లేవిఫేసియన్స్. ఇవి నిర్బంధ అవాయుజీవులు. అనగా, ఆక్సిజన్ లేకపోయినా బతికేవి అని మాత్రమే కాదు, ఆక్సిజన్ ఉంటే బతకలేనివి.

ఈ తేడాను నేను స్వయంగా తెలుసుకున్న తీరు చెప్పటం విద్యార్థులకు ఉపయోగం. తొలి రోజులలో వధశాలలో తెల్లవారుజామున సేకరించిన పొట్ట ద్రవాన్ని థర్మాస్ ఫ్లాస్కులో సగం వరకే పోసి, రెండు గంటలు ప్రయాణించి ప్రయోగశాలకు చేరాను. ద్రవం వెచ్చగానే ఉన్నది, వాసన కూడా మారలేదు. కానీ ఆ రోజు సిరంజిలలో వెలువడిన వాయువు రావలసిన దానిలో సగం కూడా లేదు. ఖాళీగా మిగిలిన సగం ఫ్లాస్కులో ఉన్నది గాలి. దారి పొడవునా కుదుపులతో అది ద్రవంలో కలుస్తూనే వచ్చింది. ఫ్లాస్కును ముందుగా వేడినీటితో వెచ్చబరచి, ద్రవాన్ని అంచు వరకు నింపి మూత బిగించవలెనని, నాలుగు మడతల పలుచని గుడ్డలో వడకట్టేటప్పుడు పాత్రలోకి కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఉండవలెనని ఆ తరువాత ఎప్పుడూ మరచిపోలేదు.

హంగేట్ గొట్టాలు

ఈ జీవులను స్వచ్ఛంగా పెంచే మార్గాన్ని చూపినవాడు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ (1906–2004). చెదపురుగుల పేగులలో కలపను జీర్ణం చేసే సూక్ష్మజీవులతో మొదలుపెట్టి, తరువాత పశువుల పొట్టకు వచ్చాడు. 1950లో ప్రచురించిన సమీక్షా వ్యాసంలో తన పద్ధతిని వివరించాడు. 1966లో వెలువడిన ఆయన గ్రంథం ఈ రంగానికి నేటికీ పునాదిగా ఉన్నది.

ఆయన ఆలోచనలోని సొగసు ఏమిటంటే, గాలి లేని పెద్ద గదిని కట్టటానికి బదులు ప్రతి పరీక్షనాళికనూ ఒక చిన్న పొట్టగా మార్చాడు. ముందుగా వర్ధన యానకాన్ని మరిగించి కరిగి ఉన్న ఆక్సిజన్‌ను తరిమివేయాలి. చల్లారుతున్నంత సేపూ దానిపైకి కార్బన్ డయాక్సైడ్ ప్రవహిస్తూ ఉండాలి. సిలిండరు నుంచి వచ్చే ఈ వాయువులోనూ లేశమాత్రం ఆక్సిజన్ ఉంటుంది కనుక దానిని వేడిచేసిన రాగి ముక్కల గొట్టం గుండా పంపుతారు. రాగి ఆక్సిజన్‌ను పట్టుకొని నల్లబడుతుంది. హైడ్రోజన్ పంపితే తిరిగి ఎర్రని రాగి అవుతుంది. అటు తరువాత సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ లేదా సోడియం సల్ఫైడ్ అనే క్షయకరణిని కలిపి, మిగిలిన ఆక్సిజన్‌ను కూడా తొలగిస్తారు. రిసాజురిన్ అనే రంగు కాపలాదారు వంటిది. ఆక్సిజన్ ఉన్నంతవరకు యానకం గులాబీ రంగులో ఉంటుంది, పూర్తిగా పోయినప్పుడు వర్ణరహితమవుతుంది. నాళిక గులాబీగా మారితే దానిని పారవేయటమే మంచిది. "కొంచెమే కదా" అని వాడిన ప్రతిసారీ నాకు నష్టమే కలిగింది.

పీచు బాక్టీరియాను వేరుచేయటానికి వడపోత కాగితాన్ని నీటిలో నానబెట్టి, గులకరాళ్ల మిల్లులో రోజుల తరబడి నూరి, ఆ సెల్యులోజ్ పాలను కరిగిన అగార్‌లో కలుపుతారు. కోటి, పది కోట్ల రెట్లు పలుచన చేసిన పొట్ట ద్రవాన్ని అందులో వేసి, రబ్బరు బిరడా బిగించి, నాళికను మంచునీటిపై అడ్డంగా దొర్లిస్తారు. అగార్ గాజు లోపలి గోడకు పలుచని పొరగా అంటుకుంటుంది. 39 డిగ్రీల వద్ద వారం, రెండు వారాలు ఓపిక పడితే, తెల్లని పొరలో ఒక్కొక్క బాక్టీరియా సమూహం చుట్టూ స్వచ్ఛమైన వలయం ఏర్పడుతుంది. అక్కడ సెల్యులోజ్ కరిగిపోయిందన్నమాట. 1976లో బాల్చ్, వోల్ఫ్ లు అల్యూమినియం మూతతో బిగించిన సీసాలలో వాయువును ఒత్తిడితో నింపే పద్ధతిని చేర్చిన తరువాత మీథేన్ ఉత్పత్తి చేసే ఆర్కియాలను పెంచటం కూడా సులభమైంది. అవి మైనస్ 330 మిల్లీవోల్టుల కంటె దిగువన గాని పెరగవు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. గాజు జాడీలో కొవ్వొత్తి వెలిగించి మూత పెడితే, అది ఆరిపోయేసరికి ఆక్సిజన్ మొత్తం అయిపోయిందని అనేకమంది విద్యార్థులు రాస్తారు. నిజానికి కొవ్వొత్తి ఆరిన తరువాత కూడా జాడీలో పది శాతానికి మించి ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను ఇష్టపడే కొన్ని రోగకారక బాక్టీరియాకు ఆ జాడీ సరిపోతుంది గాని రూమినోకాకస్‌కు అది మరణశిక్షే.

మనిషి జీర్ణాశయంలోని హెలికోబాక్టర్ పైలోరి ఈ రెంటికీ నడుమన నిలుస్తుంది. దానికి ఆక్సిజన్ కావాలి, అయితే గాలిలో ఉన్నంత వద్దు. 5 శాతం ఆక్సిజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగిలినది నైట్రోజన్. దానికి తోడు రక్తం కలిపిన అగార్, 37 డిగ్రీల వేడి, తేమ. వీటన్నిటికంటె ముఖ్యం కాలం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ పంపిన నమూనాల పలకలను రెండు రోజులకే పారవేసేవారు. 1982లో ఈస్టర్ సెలవుల వలన పలకలు ఇంక్యుబేటరులో అదనపు రోజులు ఉండిపోగా, అప్పుడు గాని ఆ సమూహాలు కంటికి కనిపించలేదు. ఆ పరిశోధనకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. మన హైదరాబాదులోని సీడీఎఫ్‌డీలో నియాజ్ అహ్మద్ బృందం భారతీయ హెలికోబాక్టర్ జాతుల వంశమూలాలను పరిశీలించి, అవి ఐరోపా వంశానికి చేరువగా ఉన్నాయని 2007లో ప్రచురించింది. అటువంటి వంశచరిత్రను రాయగలగటానికి ముందు ఎవరో ఒకరు ఆ మొండి జీవిని పలకపై పెంచి ఉండవలసినదే.

యానకం నేర్పిన పాఠం

గాలిని తొలగించటంతో పని పూర్తికాదు. తొలినాటి యానకాలలో మూడో వంతుకు పైగా వడకట్టి శుద్ధిచేసిన పొట్ట ద్రవాన్నే కలిపేవారు. అది లేకపోతే అనేక జాతులు పెరిగేవి కావు. ఆ ద్రవంలో ఏమున్నదో తెలుసుకోవటానికి మార్విన్ బ్రయంట్, అతని సహచరులు సంవత్సరాలు కృషిచేశారు. తేలిన విషయాలు రెండు. ఒకటి, పీచు బాక్టీరియాలో ముఖ్యమైనవి తమ నైట్రోజన్‌ను ప్రధానంగా అమ్మోనియా నుంచి తీసుకుంటాయి. మాంసకృత్తులు, అమైనో ఆమ్లాలు సమృద్ధిగా ఇచ్చినా అమ్మోనియా లేకుంటే వాటి పెరుగుదల సాగదు. రెండు, వాటికి ఐసోబ్యుటిరిక్, ఐసోవలెరిక్, 2-మిథైల్ బ్యుటిరిక్ వంటి శాఖాయుత కొవ్వు ఆమ్లాలు స్వల్పంగానైనా తప్పనిసరి. ఈ ఆమ్లాలు పొట్టలో ఎక్కడి నుంచి వస్తాయి? మేతలోని మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడు వాలీన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాల నుంచి వస్తాయి. ఈ అవగాహనతోనే 1966లో కాల్డ్‌వెల్, బ్రయంట్‌లు పొట్ట ద్రవం లేకుండానే, ఈ ఆమ్లాలను విడిగా కలిపి, పని జరిగే యానకాన్ని రూపొందించారు.

నా దృష్టిలో విస్తరణ శాస్త్రవేత్తకు ఈ మొత్తం చరిత్రలో అత్యంత విలువైన భాగం ఇదే. వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. సిలికా అధికం, లిగ్నిన్ బంధం గట్టిది. అటువంటి గడ్డి మాత్రమే తినే ఆవు పొట్ట, అమ్మోనియా కలపటం మరచిపోయిన యానకం వంటిది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెట్టమని మనం చెప్పే సిఫారసు ఒకేసారి రెండు పనులు చేస్తుంది: పీచు బంధాలను సడలిస్తుంది, బాక్టీరియాకు కావలసిన అమ్మోనియాను సమకూరుస్తుంది. ముడి మాంసకృత్తుల విలువ 7, 8 శాతానికి చేరుతుంది. యూరియా నైట్రోజన్‌ను ఇస్తుంది గాని శాఖాయుత ఆమ్లాలను ఇవ్వదు. గడ్డితోపాటు రోజుకు గుప్పెడో రెండు గుప్పెళ్లో తెలగపిండి వేయమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందువల్లనే శాస్త్రీయం. తెలగపిండి ఆవుకే కాక, దాని పొట్టలోని రూమినోకాకస్‌కు కూడా మేత.

ఉద్దానం వృద్ధురాలు మానివేసినది సరిగ్గా ఆ తెలగపిండినే. పొట్లంలోని బాక్టీరియా కోసం ఆమె పొట్టలో ఉన్న బాక్టీరియా ఆహారాన్ని ఆపింది. ఆపటానికి నా మాట సాయపడింది.

1975లో ఇంగ్లండులో కాలిన్ ఆర్పిన్ నిరూపించిన అవాయు శిలీంధ్రాల సంగతి కూడా వరి ప్రాంతాలవారు గమనించదగినది. అప్పటి వరకు కశాభాలు గల ప్రోటోజోవాలని భావించిన కణాలు నిజానికి శిలీంధ్రపు చరబీజాలని అతడు చూపాడు. వాటి తంతువులు గడ్డికాడలోని గట్టి కణజాలంలోకి చొచ్చుకుపోయి బాక్టీరియాకు దారి తీస్తాయి. ఆక్సిజన్ లేకుండా బతికే శిలీంధ్రం ఉండగలదని అంతకుముందు ఎవరూ అనుకోలేదు గనుక ఎవరూ వెదకలేదు.

పొట్లంలో ఏమి ఉండగలదు?

కాగితపు పొట్లంలో, సాధారణ ఉష్ణోగ్రత వద్ద, నెలల తరబడి సజీవంగా ఉండగలిగినవి కొన్నే. ఎండబెట్టిన ఈస్ట్, సిద్ధబీజాలు ఏర్పరచే బాసిల్లస్ జాతులు, కొంతవరకు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా. వీటికి ఉపయోగం లేదని అనటం లేదు. ఈస్ట్ పొట్టలోకి చేరిన ఆక్సిజన్‌ను వాడివేసి పీచు బాక్టీరియాకు మేలు చేస్తుంది. పశువుకు సమతుల్యమైన మేత ఉన్నప్పుడు ఆ మేలు కొలవదగినదిగా కూడా ఉండవచ్చు. అయితే ఈస్ట్ గడ్డిని జీర్ణం చేయదు. ఫైబ్రోబాక్టర్, రూమినోకాకస్‌ల వంటివి శూన్యంలో మూసిన గాజు ఆంప్యూల్‌లో నిలవగలవు గాని మండే ఎండలో దుకాణపు దండేనికి వేలాడే పొట్లంలో నిలవలేవు.

ఒకవేళ నిలిచినా లెక్క చూడవలెను. గ్రాముకు 100 కోట్ల జీవులు గల పొడిని రోజుకు 10 గ్రాములు వేశామనుకుందాము. మొత్తం 1000 కోట్లు. అది ఒక్క మిల్లీలీటరు పొట్ట ద్రవంలో ఉన్నంత. 50 లీటర్ల ద్రవం ఉన్న పొట్టలో అది 50 వేలలో ఒక వంతు. అప్పటికే అదే జాతి స్థిరపడి ఉన్న చోట ఈ కొత్తవి నిలదొక్కుకోవటం దుర్లభం.

స్వల్ప సంఖ్యలో వేసినవి కూడా గెలిచిన సందర్భం ఒకటి ఉన్నది. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ పొట్టలో డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి పశువు థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో ఇది పెద్ద సమస్య. హవాయిలోని మేకలకు మాత్రం హాని కలగటం లేదని రేమండ్ జోన్స్ గమనించాడు. 1980వ దశకంలో ఆ మేకల పొట్ట బాక్టీరియాను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా విషప్రభావం తగ్గింది. ఆ బాక్టీరియాను వేరుచేసి పెంచటం శ్రమతో కూడినదైంది, ఎందుకంటే అది చక్కెరలను ముట్టదు. డీహెచ్‌పీని, ఆర్జినిన్, హిస్టిడిన్‌లను తిని బతుకుతుంది. 1992లో దానికి జోన్స్ పేరు కలిసేలా సినర్జిస్టీస్ జోన్సై అని నామకరణం చేశారు. అది నిలదొక్కుకోవటానికి కారణం స్పష్టం: ఆస్ట్రేలియా పశువుల పొట్టలో డీహెచ్‌పీని తినేవారు లేరు, ఆ పీట ఖాళీగా ఉన్నది. పొట్లం అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. మీ బాక్టీరియా కూర్చునే పీట ఏది?

పొట్టలోని సమూహం నిజంగానే చెడిపోయిన సందర్భాలు వేరు. పనసపండు, వండిన అన్నం, ధాన్యం వంటివి పశువు ఒక్కసారిగా అతిగా తిన్నప్పుడు స్ట్రెప్టోకాకస్ బోవిస్ విజృంభించి, లాక్టిక్ ఆమ్లం పేరుకొని, పీహెచ్ 5 కంటె దిగువకు పడిపోవచ్చు. పీచు బాక్టీరియా ఆ పులుపులో నశిస్తాయి. ఇది అత్యవసర పరిస్థితి, పశువైద్యుని పని. ఆమ్లత్వాన్ని సరిచేసిన తరువాత ఆరోగ్యవంతమైన పశువు పొట్ట ద్రవాన్ని వెచ్చగా, వడకట్టి, గొట్టం ద్వారా రోగపశువుకు ఎక్కించటం వారికి తెలిసిన చికిత్స. అక్కడ కొలత గ్రాములలో కాదు, లీటర్లలో: కనీసం 3 లీటర్లు, వీలైతే 8కి పైగా. నూటికి నూరుపాళ్లు సజీవమైన, గాలి తగలని, అమ్మకానికి దొరకని మందు అది.

ఇప్పటికి ఎన్ని పొట్ట జీవులను పెంచగలిగాము? హంగేట్ పేరిట సాగిన అంతర్జాతీయ ప్రాజెక్టు 2018లో ప్రయోగశాలలో పెంచిన 410 బాక్టీరియా, ఆర్కియాల జీనోమ్‌లను ప్రకటించింది. మన దేశంలో పొట్ట సూక్ష్మజీవుల నిల్వను బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ నిర్వహిస్తున్నది. కేవలం వరిగడ్డిపై తరతరాలుగా బతికిన మన తీరప్రాంతపు నాటు పశువుల పొట్టలో పరిశీలించదగినవి చాలా ఉంటాయని నా నమ్మకం. స్నాతకోత్తర విద్యార్థులు ఎవరైనా ఆ పనికి పూనుకుంటే సంతోషిస్తాను. రాగి గొట్టం, వాయు సిలిండరు, రబ్బరు బిరడాలు, ఓపిక ఉంటే చాలు. గాలిలేని గది కొనటానికి నిధులు లేవన్నది సాకు మాత్రమే.

ఆ వృద్ధురాలి పొట్లం ఒకటి అడిగి ప్రయోగశాలకు తెచ్చాను. గాలిలేని యానకంలో వడపోత కాగితపు పట్టీలు ఉంచిన నాళికలు కొన్ని సిద్ధం చేసి, సగంలో పొట్ల పొడిని, సగంలో తాజా పొట్ట ద్రవాన్ని వేశాము. పొట్ట ద్రవం వేసిన నాళికలలో పట్టీ ఆరో రోజుకు మధ్యలో తెగి అడుగుకు జారింది. పొడి వేసిన నాళికలలో మూడు వారాల తరువాత కూడా పట్టీ నిటారుగా నిలబడే ఉన్నది. అదే పొడిని మామూలు అగార్ పలకపై, మామూలు గాలిలో పూస్తే మరునాటికే పలక నిండా సమూహాలు వచ్చాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈస్ట్, సిద్ధబీజాలు గల కడ్డీ బాక్టీరియా.

తరువాతిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి ఆమెకు ఉన్నది ఉన్నట్టుగా చెప్పి, నా మాట పొరపాటని ఒప్పుకున్నాను. అప్పటికే ఆమె తెలగపిండి మళ్లీ మొదలుపెట్టింది. పెరటిలో యూరియా గడ్డి కుప్ప వేయటానికి ఆమె కొడుకు, నేను కలిసి తాటాకులు, పాత టార్పాలిన్ సర్దాము. గడ్డి పొరలు తొక్కుతుండగా ఆమె లోపలి నుంచి వచ్చి, "ఇంకా రెండు పొట్లాలు మిగిలిపోనాయి బాబూ, వాటినేటి సెయ్యమంటారు?" అని అడిగింది. హాని లేదు, తెలగపిండిలో కలిపి వేసేయమన్నాను.